ఎర్రగా కాగినా చెదరని పోత ఇనుము

పోత ఇనుమంటే దెబ్బకు పగిలే చవక లోహమని చాలామంది లెక్క. ఆ లెక్కను ఫౌండ్రీలు ఎప్పుడో తప్పించాయి. మామూలు పోత ఇనుములో గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. పగులు వాటి వెంటే పాకుతుంది. 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపితే గ్రాఫైట్ గుండ్రటి గుళికలుగా మారి, ఇనుముకు సాగే గుణం వచ్చింది. దానిలోనే సిలికాన్‌ను 4 శాతం దాకా పెంచి, ఒక శాతం లోపు మాలిబ్డినం చేరిస్తే ఇంజిన్ల వేడి పొగను బయటికి నడిపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు పనికొస్తుంది. సిలికాన్ సన్నని రక్షణ పొర కట్టి ఉపరితలం మాడిపోకుండా కాస్తుంది. లోపలి నిర్మాణం మారే ఉష్ణోగ్రతను పైకి జరిపి, కాగి చల్లారే భాగం వంకరపోకుండా చూస్తుంది. మాలిబ్డినం ఎర్రటి వేడిలో బలం సడలనివ్వదు.

సిలికాన్ పెరిగితే చల్లగా ఉన్నప్పుడు పెళుసుతనం కూడా పెరుగుతుంది కదా అంటారా? నిజమే, కానీ మానిఫోల్డ్‌కు సమ్మెట దెబ్బలతో పనిలేదు, వేడితోనే పని. స్టెయిన్‌లెస్ స్టీలు వాడొచ్చుగా అంటే, మరీ ఎక్కువ వేడికి అదో, నికెల్ దండిగా వేసిన ఇనుమో కావలసిందే. 800 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల మాత్రం, తక్కువ వేడికే కరిగి మెలికల అచ్చుల్లోకి సాఫీగా పారే ఈ ఇనుమే గిట్టుబాటు. అయితే మెగ్నీషియం ప్రభావం నిమిషాల్లో తగ్గిపోతుంది; కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసే లాడిల్ ఆలస్యమైతే గుళికలు చెడతాయి. కాబట్టి ఈ లోహం గొప్పతనంలో తూకానికెంత వాటా ఉందో, వేళ తప్పకుండా పోసే పనివాడికీ అంతే ఉంది.