పాదసంరక్షణ శిక్షణ: ఒక పాఠ్యపుస్తకముపై విమర్శ

క్షురకుని పొదిలోని గోరుగల్లు మనకు తరతరములుగా తెలిసిన పనిముట్టే. ఆ పని నేడు పెడిక్యూర్ అను పేరుతో బ్యూటీ పార్లర్లకు చేరినది. దానిని నేర్పుటకు కొలది వారముల శిక్షణ తరగతులును వెలసినవి. అట్టి తరగతిలో చేరిన నా పూర్వవిద్యార్థిని ఒకామె, అక్కడ ఇచ్చిన పుస్తకమును నా చేతికిచ్చి, “మాస్టారూ, ఇందులో సూక్ష్మజీవులను గురించి వ్రాసినది సరియేనా, చూడండి” అని అడిగినది. అరువది పుటల పుస్తకము. అందు పరిశుభ్రతకు దక్కినది ఒకటిన్నర పుట.

పుస్తకము పనికిమాలినదని నేననను. గోరు కెరటిన్ అను ప్రోటీనుతో ఏర్పడుననియు, కాలిగోళ్లను అడ్డముగా, తిన్నగా కత్తిరింపవలెననియు చక్కగా చెప్పినారు. మూలలను లోతుగా కత్తిరించినచో మిగిలిన మొన పెరుగుచు కండలోనికి దిగును; ఆ బొమ్మయు బాగున్నది. చిక్కంతయు ఆ ఒకటిన్నర పుటలోనే ఉన్నది.

“పనిముట్లను క్రిమిసంహారక ద్రవములో ముంచి, పిమ్మట యు.వి. పెట్టెలో ఉంచినచో స్టెరిలైజ్ అగును” అని అందు వ్రాసినారు. అతినీలలోహిత కిరణములు తిన్నగా పోవును. తాము తాకినచోటనే పనిచేయును. గోళ్లకత్తెర కీలుసందున ఇరుకుకొనిన మురికివరకు అవి చేరవు. మురికిని ముందుగా సబ్బునీటితో రుద్ది కడుగవలెనన్న మాటయే పుస్తకమున లేదు. కడుగుట, క్రిములను తగ్గించుట, సమస్త జీవులను బీజములతోసహా చంపుట అనునవి మూడు వేర్వేరు పనులు. స్టెరిలైజ్ అను మాట మూడవదానికే చెల్లును. కొన్ని సూక్ష్మజీవుల బీజములు మరిగెడు నీటిలోను చావవు. స్పిరిట్‌కును అవి లొంగవు. వానిని చంపుటకు 1879లో ఛాంబర్లాండ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆటోక్లేవును నిర్మించెను. అందు ఆవిరిని చదరపు అంగుళమునకు 15 పౌనుల అదనపు పీడనమున ఉంచి, 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని 15 నిమిషములు నిలుపుదురు. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ పనిచేయునది ఈ సూత్రముపైననే. కుక్కరును ఎరిగిన గృహిణికి దీనిని బోధించుట ఎంతసేపటి పని?

ఇదంతయు ఛాదస్తమనువారికి ఒక ఉదంతము చెప్పెదను. 2000వ సంవత్సరమున కాలిఫోర్నియాలో ఒక గోళ్ల అలంకరణశాలకు పోయివచ్చినవారి కాళ్లపై కురుపులు లేచినవి. లెక్క తేల్చగా బాధితులు 110 మంది. ఒకామెకు 37 కురుపులు. కారణము మైకోబాక్టీరియం ఫార్టూయిటమ్ అను సూక్ష్మజీవి. క్షయను కలిగించు జీవికి ఇది దాయాది, నీటిలోను మట్టిలోను సహజముగా ఉండునది. ఆ శాలలోని 10 పాదస్నానపు తొట్లలోను అది దొరికినది. నీటిని లోనికి పీల్చు ద్వారమునకు అడ్డుగానున్న జల్లెడ వెనుక వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకొనియుండెను. తొట్టిని పైపైన ఎంత తుడిచినను ఆ జల్లెడను విప్పనిదే ఫలమేమి? మరియొక సంగతి. రోగులలో నూటికి 70 మంది అంతకుముందే కాళ్లపై రోమములను కత్తితో గొరుగుకొన్నవారు. రోగము రానివారిలో అట్టివారు నూటికి 31 మంది మాత్రమే. కత్తి చేసిన కంటికానరాని గీతలే క్రిమికి వాకిళ్లైనవని ఊహింపవచ్చును. మన పుస్తకమో, రోమములను తీసి ఆ వెంటనే పాదస్నానము చేయించుమని చెప్పుచున్నది!

అంతకన్న పెద్దలోపము వేరొకటి కలదు. గోళ్లరంగును ఎన్నుకొనుటకు నాలుగు పుటలు కేటాయించినవారు, “మీకు మధుమేహమున్నదా?” అను ఒక్క ప్రశ్నను నేర్పలేదు. మధుమేహమున పాదముల నాడులు దెబ్బతిని స్పర్శజ్ఞానము పోవచ్చును. రక్తప్రసారము తగ్గి పుండు త్వరగా మానకపోవచ్చును. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు, రోకలి పడినట్లుకూడ రోగికి తెలియదు. పుస్తకమున నీటివేడికి ఇచ్చిన కొలత “కాలు తట్టుకొనగలిగినంత”. స్పర్శ లేని కాలు సలసలకాగు నీటినైనను తట్టుకొనును గదా! నీరు 37 డిగ్రీలకు లోపలనే ఉండవలెను. చూడవలసినది రోగి కాలితో కాదు. అట్టివారి ఆనెలను బ్లేడుతో చెక్కుటయు పార్లరు పని కాదు. ఆనె క్రింద పుండు దాగియుండవచ్చును. స్పర్శను పరీక్షించుటకు 10 గ్రాముల బలమునకు వంగు నైలాను పోగు ఒకటి చాలును. స్పర్శ కోల్పోయిన పాదముల సంగతి మనకు దూరదేశపు విద్యయు కాదు. వెల్లూరులో 1946 నుండి కుష్ఠురోగులకు చికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, నొప్పి తెలియకపోవుటయే ఆ కాళ్లకు చేటని లోకమునకు చూపినవారిలో ముఖ్యుడు.

జర్మనీలో పాదచికిత్సకు 2002 నుండి ప్రత్యేకచట్టము అమలులోనున్నది. రెండేండ్ల శిక్షణ, 2000 గంటల బోధన, 1000 గంటల అభ్యాసము. మన పార్లరు పిల్లకు అంత చదువు అక్కరలేదు. ఏ కాలిని తాను ముట్టరాదో, ఎవరిని వైద్యునివద్దకు పంపవలెనో తెలిసిన చాలును. దానికి రెండు రోజుల పాఠము చాలునని నా అభిప్రాయము. నేర్చుకొను పిల్లల రక్షణ మాటయు పుస్తకమున కానరాదు. హెపటైటిస్-బి రక్తము ద్వారా సోకును, దానికి టీకాయు ఉన్నది. చేతితొడుగుల ఊసైనను ఎత్తలేదు. పొట్టకూటికి వచ్చిన ఆ పిల్లలే రేపు నింద మోయవలసినవారు.

ఇవన్నియు పెన్సిలుతో అంచులలో వ్రాసి పుస్తకము తిరిగి ఇచ్చితిని. ఆమె శ్రద్ధగా చదివి, “పరీక్షలో యు.వి. పెట్టె అని వ్రాయకపోతే మార్కులు పోతాయి గదా, మాస్టారూ?” అన్నది. పరీక్షకు అట్లే వ్రాయుమంటిని. పనిలో మాత్రము కత్తెరను ముందు కడుగుమంటిని.