ఫెయిర్ ఐల్‌లో పిట్టలకు కడియాలు

స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల నడుమ ఐదు కిలోమీటర్ల పొడవున్న చిన్న దీవి ఫెయిర్ ఐల్. మే నెలలో తూర్పు గాలికి వాన తోడైతే వలస పిట్టలు దిగి, పక్షి పరిశీలకులకు అక్కడ పండగే. 1948లో జార్జ్ వాటర్‌స్టన్ నెలకొల్పిన పరిశీలన కేంద్రం వాళ్లు రాతిగోడల వెంట నడుస్తూ, గరాటులా సన్నబడే వలగూళ్లలోకి పిట్టల్ని అదిలిస్తారు. అసలు పనితనం ఆ తర్వాతే. పిట్ట మెడను చూపుడువేలికీ నడివేలికీ మధ్య వదులుగా ఇరికించుకుని, కాలికి నంబరున్న కడియం తొడిగి, రెక్క కొలిచి, చిన్న సంచిలో తూచి వదిలేస్తారు. పది గ్రాముల ప్రాణం మరి, ఈకైనా నలగకూడదు! ఆ కడియం మరో దేశంలో దొరికితే వలస దారి తెలుస్తుంది. అరుదైన పిట్ట వెనక పరుగెత్తేవాళ్లకే పేరొస్తుంది గానీ, మామూలు పిట్టల్నీ రోజూ లెక్కరాసే వీళ్లే నా దృష్టిలో అసలైన పనిమంతులు.