నాళాగిరి ఫలకం: రెండు ఏనుగులు, ఒకే వీధి

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాలలో నాళాగిరి దమన వృత్తఫలకం పరిశోధకులు తరచూ ఉదాహరించేది. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించడానికి రాజగృహ వీధిలోకి మదపుటేనుగును వదిలించిన కథ ఇందులోని వస్తువు. ఎడమభాగంలో ఏనుగు జనాన్ని తొక్కుతూ దూసుకువస్తుంది. కుడిభాగంలో అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లుతుంది. ఒకే పాత్రను ఒకే చట్రంలో మళ్లీ చూపే ఈ పద్ధతికి కళాచరిత్రలో నిరంతర కథనమని పేరు. వర్గీకరణ సరైనదే. అయితే ఆ పేరు పెట్టడంతోనే విశ్లేషణ ముగిసిందనుకోవడం పొరపాటు.

వినయపిటకంలోని చుల్లవగ్గం ఈ ఏనుగును నరహంతకి అని ఒక్కమాటలో చెప్పి సాగిపోతుంది. శిల్పి ఆ ఒక్కమాటను సగం ఫలకానికి విస్తరింపజేశాడు. మేడలెక్కి చూసే ప్రజలు గ్రంథంలోనూ ఉన్నారు. శ్రద్ధ లేనివారు శ్రమణునికి హాని తప్పదంటారు. శ్రద్ధ గలవారు నాగునితో నాగుడు తలపడబోతున్నాడంటారు. పాళిలో నాగశబ్దం ఏనుగుకూ మహాపురుషునికీ చెల్లుతుంది గనుక ఇందులో చమత్కారముంది. రాతిలో ఆ శ్లేషకు తావు లేదు. గవాక్షాలలోని ముఖాలలో ఎవరు నమ్మినవారో, ఎవరు నమ్మనివారో చెప్పలేము. అందరూ ఒకే వీధిని చూస్తున్నారు. రెండు ఘట్టాలనూ కలిపి ఉంచేది ఆ చూపే.

వీధిలో భయంతో వెనక్కి ఒదిగిన స్త్రీ భంగిమ ఏనుగు మోకరిల్లినా సడలదు. మైత్రీబలం గెలిచింది, కాని ఏనుగు కాళ్లకింద పడిన మనిషి లేవలేదు. దీనిని కేవలం మహిమాప్రదర్శనగా చదివే వ్యాఖ్యానాలు ఈ ఎడమభాగాన్ని ఉపోద్ఘాతంగా తగ్గించివేస్తాయి. ఫలకం మాత్రం దానికి సమానమైన స్థలమే ఇచ్చింది.

కథ నడిచే దిశ కూడా గమనార్హం. అమరావతి మహావేదిక లోపలి ముఖాన కథలు, వెలుపలి ముఖాన ఎక్కువగా పద్మాలు చెక్కారు. స్తూపాన్ని కుడిచేతివైపు ఉంచుకొని ప్రదక్షిణ చేసే భక్తునికి వేదిక ఎడమచేతివైపు ఉంటుంది; దానివైపు తిరిగి చూస్తే అతని నడక ఫలకంలో ఎడమనుంచి కుడికి సాగుతుంది. అంటే అతడు బుద్ధునికి ఎదురుగా వచ్చే ఏనుగుతోపాటే, అదే దిశలో నడుస్తాడు. మ్యూజియం గోడ ముందు నిలబడి చూసేవారికి ఈ అనుభవం అందదు. 1797లో కాలిన్ మెకంజీ అమరావతిని చూసిన తరువాత వేదిక శిలలు చెన్నైకీ లండన్‌కూ చెదిరిపోవడంతో ఫలకం మిగిలింది, నడక పోయింది. ఏనుగు బుద్ధుని పాదాల వద్ద ఆగిపోతుంది. భక్తుడు మరో రెండడుగులు వేస్తే చేరేది ఆయన వెనుక నిలిచిన భిక్షువుల పక్కకు.