పాఠం చెప్పేముందు విన్న పంతులు

ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పటానికి దండ వేస్తాం. తెలుగు భాషా దినోత్సవం కదా! నాలుగు ఉపన్యాసాలు, రెండు పద్యాలు, పిల్లలకు వక్తృత్వ పోటీ. వారం తిరిగేసరికి సెప్టెంబరు 5. ఈసారి గురుపూజోత్సవం. శాలువాలు, ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలు. ఈ రెండో సభలో గిడుగు ఊసు పెద్దగా రాదు. మొదటి సభలో వ్యావహారిక భాషోద్యమ పితామహుడైన మనిషి రెండో సభకు ఏమీ కాకుండా పోతాడు. బడిలో పాఠాలు చెప్పుకుని బతికిన నాకు ఇది ఎప్పుడూ మింగుడు పడలేదు. ఆయన చేసిన పనులన్నీ పుట్టింది బడిలోనే. భాషావేత్త అన్నది తర్వాతి మాట, ముందు ఆయన బడిపంతులు.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ అయ్యాక, 1880లో, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకు 30 రూపాయల జీతం మీద చేరారు. ఒకటో ఫారం పిల్లలకు చరిత్ర చెప్పడం పని. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. పాఠాలు చెప్తూనే ప్రైవేటుగా చదివి 1896లో బీఏ పూర్తి చేశారు. అంటే పట్టా చేతికి రావడానికి పదహారేళ్లు పట్టింది. ఇంటి బాధ్యతలు, బడి పని, మధ్యలో పరీక్షలు. ఈ మధ్యకాలంలోనే ముఖలింగం గుడి గోడల మీది పాత లిపి శాసనాలు చదవడం పట్టుపట్టి నేర్చుకున్నారు. చరిత్ర చెప్పే మాస్టారుకు పక్క ఊళ్లోనే చరిత్ర రాతి మీద ఉంటే, పుస్తకంలో ఉన్నదొక్కటే చెప్పి ఊరుకోబుద్ధి కాదు మరి.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. సంతకు దిగుతారు, కచేరీకి వస్తారు. వాళ్లు మాట్లాడేది ఊళ్లో వాళ్లకు తెలియదు, అధికారులకు అంతకన్నా తెలియదు. తెలుగుకూ ఒరియాకూ చుట్టరికం లేని ముండా కుటుంబం భాష అది. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలని గిడుగుకు పట్టింది. చెప్పాలంటే ముందు వాళ్ల మాట రావాలి. నేర్చుకుందామంటే పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, లిపి కూడా లేదు. ఆయన చేసిందల్లా ఒకటే. తెలుగు తెలిసిన ఒక సవరను తన ఇంట్లో పెట్టుకుని, అతని దగ్గర కూచుని మాట మాటా విని నేర్చుకున్నారు. పగలు బడిలో పంతులు, ఇంటికొచ్చాక శిష్యుడు. తర్వాత కొండలెక్కి సవర గూడేలు తిరిగారు. కథలు, పాటలు విని రాసుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టించారు. ఆ భాషలో వాచకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను 1911లో అచ్చు వేసి, ఆయనకు ప్రతిఫలం ఇవ్వబోయింది. నాకొద్దు, ఆ డబ్బుతో సవర భాషలో పాఠాలు చెప్పే బడి పెట్టించండి అన్నారాయన.

ఆ కొండల్లో తిరిగినందుకు మూల్యం కూడా చెల్లించారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి క్వినైన్ వాడీ వాడీ వినికిడి పోయింది. మిగిలిన జీవితమంతా చెవుడుతోనే గడిపారు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. చెవులు బాగున్నప్పుడు పోగేసుకున్న మాటలతో, చెవులు పోయాక పుస్తకాలు పూర్తి చేశారన్నమాట.

ఇక్కడే మా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. మాకు శిక్షణలో నేర్పేదంతా చెప్పడమే. పాఠ్య పథకం, బోధనోపకరణాలు, నల్లబల్ల మీద రాత, గొంతు ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి. వినడం ఎలాగో ఎవరూ నేర్పరు. ప్రశ్న అడుగుతాం, మనకు కావలసిన జవాబు కోసం చెవి పెడతాం. ఆ జవాబు రాకపోతే పిల్లవాడికి ‘రాదు’ అని రిజిస్టరులో రాసేస్తాం. వాడికి రానిది పాఠమా, పాఠం చెప్పిన మాటా అన్నది తేల్చుకోం.

నేను పనిచేసిన ఒక ఏజెన్సీ బడిలో ఒకటో తరగతి పిల్లవాడు ఉండేవాడు. ఎంత అడిగినా నోరు విప్పడు. పలక మీద గీసింది గీస్తాడు, తల దించుకుంటాడు. మూగవాడేమోనని కూడా అనుకున్నారు మా తోటి టీచర్లు. ఓ మధ్యాహ్నం వంటగది గుమ్మం దగ్గర వాడి గొంతు విన్నాను. వంటామె గిన్నెలు కడుగుతుంటే పక్కన గొంతుక్కూచుని వాడు ఒకటే మాటలు. చేతులు తిప్పుతూ ఏదో వేట సంగతి చెప్తున్నాడు. ఆమెదీ వాడిదీ ఒకే గూడెం, ఒకే భాష. మర్నాటి నుంచి అన్నాలయ్యాక ఆమెను కాసేపు తరగతిలోకి పిలిచాం. వాడు వాళ్ల మాటల్లో కథ చెప్తాడు, ఆమె మాకు తెలుగులో చెప్తుంది, మేం బల్ల మీద బొమ్మ గీస్తాం, ఆ బొమ్మ కింద తెలుగు మాట రాస్తాం. దసరా సెలవులు దాటేసరికి వాడు అక్షరాల్లో పడ్డాడు. మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. పర్లాకిమిడి పంతులు వందేళ్ల కిందట ఇంట్లో మనిషిని పెట్టుకుని చేసిందే ఇది.

తెలుగు విషయంలోనూ గిడుగు వాదం తరగతి గది లోంచే వచ్చింది. 1907 ప్రాంతంలో జె.ఎ. ఏట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర కోస్తా బళ్లకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్నవాడు గనుక ఆయనకు ఒక సందేహం కలిగింది. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలోది ఇంకొకటి, ఈ తేడా ఎందుకని పంతుళ్లను అడిగాడు. విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు దాన్ని అందిపుచ్చుకున్నారు. పిల్లవాడు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి, బడిలో ఎవరూ మాట్లాడని ఇంకో తెలుగు బట్టీ పడితే, వాడి బుర్ర విషయం మీద ఎప్పుడు నిలుస్తుంది? గిడుగు ప్రశ్న ఇదే. పండితులు దీన్ని కావ్యాలకూ వ్యాకరణానికీ పట్టిన గ్రహణం అనుకున్నారు. ఆయన బెంగంతా ఒకటో ఫారం గురించి.

1911లో ఉద్యోగం మానేశాక మనలో చాలామందిలా పింఛను, పడక కుర్చీ అనుకోలేదు. గ్రంథాల మూటలు వెంటేసుకుని సభల్లో గంటల తరబడి వాదించారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే వ్యాకరణ దోషాలు ఏరి, ప్రయోగాలతో సహా చూపించారు. ముప్ఫై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దిన చెయ్యి అది, ఊరికే పోతుందా? 1919లో ‘తెలుగు’ పేరుతో మాసపత్రిక పెట్టారు, ఏడాది నడిచింది. అదే ఏడు వీరేశలింగం అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడితే ఆయన కార్యదర్శి అయ్యారు. పరీక్షల్లో వాడుక భాష రాసుకోవచ్చని ఒకసారి వచ్చిన అనుమతి, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పట్టుబట్టడంతో వెనక్కు పోయింది. ఆయన మాత్రం వెనక్కు తగ్గలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే, ఒప్పుకోలేక యాభై ఏళ్ల పైబడి బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్ను మూసే ముందు కూడా, వాడుక భాషను విడిచిపెట్టవద్దని పత్రికల వారికి విన్నపం చేసి వెళ్లారు. విశ్వవిద్యాలయాలు ఆయన మాట ఒప్పుకోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

మరి ఆయన సవర బడి సంగతి? ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో బహుభాషా విద్య పేరుతో సవర, కోయ, గోండి, కొలామి, కువి వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారయ్యాయి. గిడుగు 1911లో అడిగింది 90 ఏళ్లు దాటాక కదిలింది. మంచిదే. కానీ పుస్తకం ఒక్కటే చాలదు. ఆ భాష తెలిసిన మనిషి బడిలో లేకపోతే ఆ పుస్తకం బీరువాలోనే ఉంటుంది. కొండ ప్రాంతాలకు టీచరు పోస్టులు భర్తీ చేసేటప్పుడు ఆ పిల్లల భాష వచ్చిన వాళ్లకు మొదటి చోటు ఇవ్వడం ఇప్పటికైనా నియమంగా పెట్టాలి.

ఇది కొండల సంగతి మాత్రమే అనుకునేరు. ఇప్పుడు మైదానంలోనూ ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం. తల్లిదండ్రులు కోరుకుంటున్నారు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, వాళ్లను తప్పు పట్టలేం. అయితే బోర్డు మీద మీడియం ఏదైనా, పిల్లవాడికి విషయం అర్థం చేయించే మాట వాడి ఇంటి నుంచే రావాలి. అక్కణ్నుంచి మొదలుపెట్టి ఇంగ్లీషు దాకా తీసుకెళ్లొచ్చు. దాన్ని దాటేసి తీసుకెళ్తే మిగిలేది బట్టీ.

డీఎస్సీలో నెగ్గి కొత్తగా బడికి వెళ్తున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు ఒక పెద్ద మాట. పోస్టింగ్ వచ్చిన ఊళ్లో మొదటి నెల సిలబస్ కాస్త వెనకబడినా కొంప మునగదు. పిల్లల్ని ఆటల్లో, అన్నాల దగ్గర, వీధిలో మాట్లాడనివ్వండి. మీరు వినండి. తెలియని మాటలు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. అర్థం తెలియకపోతే ఆ పిల్లల్నే అడగండి, వాళ్లు సంబరంగా చెప్తారు. తర్వాత ఆ మాటలతో మొదటి పాఠం మొదలుపెట్టండి.

ఉత్తమ ఉపాధ్యాయుడి కొలత నన్నడిగితే ఒక్కటే చెప్తాను. తన దగ్గర పిల్లలెంత నేర్చుకున్నారన్నది ఎలాగూ చూస్తాం. పిల్లల దగ్గర తానెంత నేర్చుకున్నాడో కూడా చూడాలి. ఈ కొలతకు నిలిచే తెలుగు పంతుళ్లలో గిడుగు రామమూర్తికే మొదటి పీట.