తూకం నుంచి వ్యాసం దాకా: 'అసే' క్రియాపద అర్థపరిణామం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
'పరీక్షించు' అనే అర్థంలో మధ్యయుగం నుంచి ఆంగ్లంలో వాడుకలో ఉన్న 'అసే' అనే క్రియాపదం అర్థచరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అదే మూలం నుంచి పుట్టిన 'ఎస్సే' అనే ప్రక్రియానామం తెలుగులో ప్రమేయం, ఉపన్యాసం, వ్యాసం అనే పేర్లు పొందినప్పుడు అందులోని పరీక్షార్థం ఏమైందో చర్చిస్తుంది.

కీలక పదాలు: అసే, ఎస్సే, అర్థపరిణామం, ప్రమేయం, వ్యాసం, శోధన, గీటురాయి.

ఉపోద్ఘాతం:

తెలుగు వచన ప్రక్రియలను బోధించేటప్పుడు 'ఎస్సే' అంటే 'ప్రయత్నం' అని వ్యుత్పత్తి చెప్పడం పరిపాటి. రచయిత వినయంతో తన రచనను చిన్న ప్రయత్నమని పిలుచుకున్నాడనీ, అదే ప్రక్రియకు పేరుగా స్థిరపడిందనీ వివరిస్తారు. ఈ వివరణ తప్పు కాదు గాని సగమే. ఆ పదం తోబుట్టువైన 'అసే'ను పక్కన పెట్టి చూస్తే తక్కిన సగం బయటపడుతుంది. ఆ సగంలో వినయం లేదు. తూకపు రాళ్ళూ, నిప్పూ, అనుమానమూ ఉన్నాయి.

మూలం – తులామానం:

ఈ రెండు పదాలకూ మూలం ఉత్తరకాలపు లాటిన్‌లోని 'ఎక్సాజియుం'. దానికి తూచడం, తూకం అని అర్థం. బయటికి రప్పించడం, నిలదీసి రాబట్టడం, కొలిచి చూడడం అనే అర్థాలున్న 'ఎక్సిగెరె' క్రియ నుంచి అది ఏర్పడింది. నాలుగో శతాబ్ది నుంచి రోమన్ సామ్రాజ్యంలో 'సాలిడస్' అనే బంగారు నాణెం చలామణీ అయింది. దాని బరువు సరిచూసే తూకపు బిళ్ళలకు ఎక్సాజియుం అనే పేరు ఉండేది. నాణెం మీద చక్రవర్తి ముఖం ఉన్నంత మాత్రాన దాన్ని నమ్మనక్కరలేదని, అంచులు గీకి బంగారం దొంగిలించి ఉండవచ్చని ఆ బిళ్ళల ఉనికే చెబుతుంది. పదం పుట్టుకలోనే అధికారముద్ర మీద ఒక సందేహం ఉంది.

'ఎక్సిగెరె' నుంచే 'ఎగ్జామెన్' కూడా వచ్చింది. త్రాసు మధ్య నిలిచి అటో ఇటో మొగ్గే ముల్లుకు లాటిన్‌లో ఆ పేరు. నేడు విద్యార్థి నోట నలిగే 'ఎగ్జామ్' దాని సంతానమే. ఎగ్జామ్‌లో ఎస్సే రాసే విద్యార్థికి తెలియకపోయినా ఆ రెండు పదాలూ ఒకే త్రాసుకు చెందినవి.

భోజనశాల, అడవి, అంతఃపురం:

ప్రాచీన ఫ్రెంచిలో 'ఎసయే', 'అసయే' అని రెండు రూపాల్లో ఉన్న ఈ క్రియ పద్నాలుగో శతాబ్దంలో ఆంగ్లంలో కనిపిస్తుంది. ఇంగ్లండుకు వచ్చింది ఎక్కువగా 'అ'కారాది రూపం. అక్కడ ఈ పదం లోహాలకే పరిమితం కాలేదు. ప్రభువు తినబోయే పదార్థాన్ని, తాగబోయే మద్యాన్ని సేవకుడు ముందుగా రుచి చూసి విషం లేదని తేల్చడం కూడా 'అసే'నే. వేటాడి చంపిన లేడి రొమ్ము కోసి, కొవ్వు ఎన్ని వేళ్ళ మందం ఉందో చూడడానికీ అదే మాట. 'సర్ గవాయిన్ అండ్ ద గ్రీన్ నైట్' కావ్యంలోని వేట ఘట్టంలో ఈ ప్రయోగం ఉంది. బయట లేడి శరీరాన్ని అలా కోసి చూస్తుండగా, కోటలోపల గవాయిన్ శీలాన్ని గృహిణి పరీక్షిస్తూ ఉంటుంది. వేటనూ శీలపరీక్షనూ కవి పక్కపక్కన నిలిపిన ఆ కథలో ఈ పారిభాషిక పదం యాదృచ్ఛికంగా పడిందనుకోవడం కష్టం.

ఈ క్రియలోని క్రౌర్యం పూర్తిగా బయటపడేది ఛాసర్ రచించిన 'క్లర్క్స్ టేల్'లో. బొకాచియో 'డెకమెరాన్' చివరి కథగా చెప్పి, పెట్రార్క్ లాటిన్‌లోకి మార్చిన గ్రిసెల్డా కథ ఇది. వాల్టర్ అనే ప్రభువు పేదింటి పిల్లను పెళ్ళాడి, ఆమె విధేయతను పరీక్షించాలని బిడ్డలిద్దరినీ ఒకరి తరవాత ఒకరిని చంపడానికన్నట్లు తీసుకుపోతాడు. చివరికి మరో పెళ్ళి నెపంతో ఆమెనే ఇల్లు వెడలగొడతాడు. ఈ పరీక్షకు ఛాసర్ 'అసే', 'టెంప్ట్' అనే రెండు క్రియలనూ వాడాడు. అంతకుముందే చాలినంత పరీక్షించాడు కదా, ఇంకా అవసరమేమిటని కథకుడే విసుక్కుంటాడు. కథ ముగిశాక, దేవుడు మనుషులను నిత్యం పరీక్షిస్తాడే గాని ప్రలోభపెట్టడని చెప్పడానికి 'ప్రూవ్' అనే మూడో క్రియను తెస్తాడు. మంచి ఉద్దేశంతో చేసే పరీక్షకూ చెడు ఉద్దేశంతో చేసే పరీక్షకూ వేరువేరు క్రియలు కావలసివచ్చాయి. వాల్టర్ చేసింది ఏ కోవకు చెందుతుందో తేల్చకపోవడంలోనే కథ బలం ఉంది.

గ్రిసెల్డా కథ చదివే తెలుగు పాఠకునికి సీత అగ్నిప్రవేశం గుర్తుకు రావడం సహజం. పోలిక పైకి కనిపించినంత దగ్గరిది కాదు. వాల్మీకి రామాయణంలో చితి పేర్చమని లక్ష్మణుణ్ణి అడిగేది సీతే. పరీక్ష బహిరంగం, పరీక్షకు లోనయ్యేవారికి తెలిసి జరిగేది. గ్రిసెల్డాకు తాను పరీక్షలో ఉన్నానన్న సంగతే తెలియదు. 'అసే'లో ఈ గోప్యత కూడా ఒక అర్థచ్ఛాయ. తనను గీస్తున్నారని లోహానికి తెలియదు కదా.

అర్థం చీలిన కాలం:

పదహారో శతాబ్దం చివరికి ఈ క్రియలో పరీక్షార్థం, ప్రయత్నార్థం పక్కపక్కనే కనిపిస్తాయి. షేక్‌స్పియర్ 'హామ్లెట్' ఒక్కటే ఇందుకు చాలు. కొడుకు నడవడి కనిపెట్టడానికి మనిషిని పంపుతూ పొలోనియస్ చెప్పే పాఠంలో ఇది అడ్డదారి పరీక్ష. బంతి వంకరగా దొర్లి గమ్యం చేరే ఆట నుంచి అతడు ఆ ఉపమానం తీసుకున్నాడు. హామ్లెట్‌ను ఏదైనా వినోదానికి పురికొల్పి చూశారా అని గెర్ట్రూడ్ అడిగినప్పుడు ఇదే పదం ప్రలోభానికి దగ్గరగా జరుగుతుంది. ప్రార్థించలేక పెనుగులాడే క్లాడియస్ నోట అది కేవలం ప్రయత్నం. అందరూ అందరినీ పరీక్షించే నాటకంలో ఈ పదం ఇన్ని వేషాలు వేయడం గమనించదగినది.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో పరిస్థితి వేరు. అక్కడ 'అసే' వచ్చిన చోట్లన్నిటా ప్రయత్నార్థమే. దావీదు సౌలు ఇచ్చిన కవచం తొడుక్కుని నడవబోయి, అలవాటు లేదని విప్పివేసే ఘట్టంలో రెండు క్రియలు పక్కపక్కనే ఉన్నాయి: నడవబోవడానికి 'అసే', వాడి చూసి ఎరగకపోవడానికి 'ప్రూవ్'. నాటికి పరీక్షార్థాన్ని 'ప్రూవ్', 'ట్రై', 'టెంప్ట్' పంచుకున్నాయి. తరవాతి కాలంలో ప్రయత్నార్థం కూడా 'అసే' నుంచి జారిపోయి కావ్యభాషలో మాత్రమే మిగిలింది.

ఈ లోగా ఫ్రెంచి నుంచి 'ఎస్సే' రెండోసారి ఇంగ్లండు చేరింది. మోంటేన్ 'ఎస్సేలు' మొదటి రెండు సంపుటాలు 1580లో వెలువడ్డాయి. బేకన్ 1597లో పది రచనలకు అదే పేరు పెట్టాడు. ఫ్లోరియో 1603లో మోంటేన్‌ను అనువదించాడు. మోంటేన్ వాడుకలో ఈ పదం వినయసూచకమని తేల్చేయడం తొందరపాటు. వివేచనాశక్తి ఏ విషయానికైనా పనికివచ్చే సాధనమని, అందుకే దొరికిన ప్రతి విషయం మీదా దాన్ని పరీక్షించి చూస్తానని అతని భావం. తన మనసుకు నిలకడ చిక్కితే ఈ పరీక్షలు మాని నిర్ణయాలే చెప్పేవాణ్ణని మరోచోట అంటాడు. పరీక్షకు గురయ్యేది విషయం కాదు, రచయిత బుద్ధి. 1576లో అతడు త్రాసు బొమ్మతో ఒక బిళ్ళ చేయించుకున్నాడు. ఎక్సాజియుం వ్యుత్పత్తి అతని మనసులో ఉందో లేదో గాని, బొమ్మ మాత్రం దానికి సరిపోయింది. డాక్టర్ జాన్సన్ 1755 నాటి నిఘంటువులో ఎస్సేను కుదురులేని, జీర్ణం కాని రచనగా నిర్వచించేనాటికి త్రాసు కనుమరుగైంది. పాఠ్యపుస్తకాలు చెప్పే 'ప్రయత్నం' ఈ దశకు చెందినదే.

నిప్పులో మిగిలిన అర్థం:

సాహిత్యం వదిలేసిన పరీక్షార్థాన్ని కంసాలి వదలలేదు. 1300లో మొదటి ఎడ్వర్డ్ శాసనం వెండి నాణ్యతను పరీక్షించి చిరుతపులి తల ముద్ర వేయాలంది. 1478 నుంచి లండన్ పనివారు తమ వస్తువులను గోల్డ్‌స్మిత్స్ హాలుకు తెచ్చి పరీక్ష చేయించవలసి వచ్చింది. 'హాల్‌మార్క్'లోని హాలు అదే. అగ్నిపరీక్ష పద్ధతిలో బంగారు నమూనాను సీసంతో కలిపి, ఎముకల బూడిదతో చేసిన మూసలో కరిగిస్తారు. సీసమూ ఇతర హీనలోహాలూ మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసలోని వెండిని నత్రికామ్లంతో విడదీసి బంగారాన్ని తూస్తారు. చిట్టచివరి పని మళ్ళీ తూకమే.

ఆ మూసకు ఆంగ్లంలో పాత పేరు 'టెస్ట్'. మట్టిపాత్ర అని అర్థమున్న లాటిన్ పదం దానికి మూలం. రసవాది సామగ్రిని ఏకరువు పెట్టేటప్పుడు ఛాసర్ ఈ పాత్రలనూ చేర్చాడు. పాత్ర పేరు పాత్రలో జరిగే పనికి, తరవాత అన్ని పరీక్షలకూ సంక్రమించింది. డెంగీ అనుమానంతో రోగికి చేయించే 'ఎలైజా టెస్ట్'లో చివరి 'ఎ' అక్షరం 'అసే'కు సంకేతం. కనుక ఆ పేరులో ఒకే కొలిమి దగ్గరి రెండు పదాలున్నాయి. భారతదేశంలో 2021 జూన్ నుంచి బంగారు నగలకు హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి కావడంతో, తెలుగు పట్టణాల్లోనూ 'అసేయింగ్' కేంద్రాలు వెలిశాయి. 916 అంకె చూసి నగ కొనే గృహిణికి ఛాసర్ క్రియాపదం ఈ రూపంలో చేరువైంది.

తెలుగులో 'ఎస్సే' పేర్లు:

తెలుగు పరీక్షాపదజాలం వేరే ఇంద్రియాల మీద ఆధారపడింది. 'ఈక్ష దర్శనే' ధాతువు నుంచి వచ్చిన 'పరీక్ష' అన్ని వైపులా చూడడం. 'శుధ శౌచే' నుంచి వచ్చిన 'శోధన' మలినం తొలగించడం. రసశాస్త్రంలో లోహాలకు చేసే శుద్ధికి ఇదే పేరు. ఒరగల్లు, గీటురాయి, వన్నె, పుటం పెట్టడం కంసాలి దుకాణం నుంచి వచ్చినవే. విమర్శకులు ప్రమాణాన్ని 'గీటురాయి' అనడం ఎంత సాధారణమంటే, అందులోని రాయి ఇప్పుడెవరికీ తగలదు. బంగారం శుద్ధమో కాదో నిప్పులోనే తెలుస్తుందన్న భావంతో కాళిదాసు రఘువంశారంభంలో సహృదయులను కావ్యపరీక్షకు పిలవడం కూడా ఈ సంప్రదాయమే. తెలుగువారి ముందు 'ఎస్సే'కు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఈ పదాలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. వాటిలో దేన్నీ ఎవరూ తీసుకోలేదు.

వీరేశలింగం, పానుగంటి వంటివారి వాడుకలో స్థిరపడ్డది 'ఉపన్యాసం'. తరవాత నిలిచింది 'వ్యాసం'. రెండూ 'అసు క్షేపణే' ధాతువు నుంచి వచ్చినవే. మొదటిది దగ్గరగా తెచ్చి ఉంచడం, రెండోది విడదీసి పరచడం. సమాసానికి ప్రతియోగి వ్యాసం. విషయం రచయిత చేతిలో ముందే ఉంది, దాన్ని విప్పి చూపడమే మిగిలిందని ఈ రెండు పేర్లూ సూచిస్తాయి. ఆడిసన్, స్టీల్‌ల 'స్పెక్టేటర్' ఒరవడిలో వచ్చిన 'సాక్షి'కి ఉపన్యాసమనే పేరు తగినదే. అక్కడ వక్తా, సభా కల్పనలో భాగం. పరిశోధన పత్రానికి ఆ తర్కం పొసగదు. పరచడమే పని అనుకున్న వ్యాసంలో సమాచారం పెరుగుతుంది గాని ప్రతిపాదన నిప్పు మీదికి వెళ్ళదు. సిద్ధాంత వ్యాసాల్లో అధ్యాయాల కొద్దీ విషయ విస్తరణ ఉండి, ఎదురుప్రశ్నకు ఒక పేజీ కూడా దక్కని సందర్భాలు పరిశోధకులకు కొత్త కావు. దోషమంతా పేరుదే అనడం అతిశయోక్తి. వ్యుత్పత్తి శాసనం కాదు. ఆంగ్ల 'ఎస్సే' కూడా తన త్రాసును మరిచే బతికింది.

'పరిశోధన' అన్న పేరు ఈ లోటును పూడుస్తుందా? పూర్తిగా కాదు. శోధనలో మొత్తం లోహాన్ని కరిగించి మలినం తీస్తారు. 'అసే'లో చిటికెడు నమూనా తీసి, దాన్నిబట్టి మిగతాదాని విలువ నిర్ణయిస్తారు. మొదటిది పాఠపరిష్కర్త పని. తాళపత్ర ప్రతులన్నీ చూసి అపపాఠాలు ఏరివేయడం శోధన. రెండోది విమర్శకుని పని. ఒక పద్యాన్నో, ఒక పదాన్నో ఎంచి కావ్యం మొత్తాన్ని గురించి సాహసించి తీర్పు చెప్పవలసింది అతడే. నమూనా ఎంపిక తప్పితే తీర్పు తప్పుతుంది కనుక, ఎక్కడి నుంచి ఎందుకు తీశాడో చెప్పే బాధ్యతా అతనిదే.

వీటికి ముందే ఒక పేరు వచ్చింది. సామినేని ముద్దునరసింహం నాయుడు 1862లో అచ్చయిన 'హితసూచని'లోని రచనలకు 'ప్రమేయం' అని పేరు పెట్టాడు. న్యాయశాస్త్రం లెక్కించే పదహారు పదార్థాల్లో ప్రమాణం మొదటిది, ప్రమేయం రెండోది. ప్రమాణంతో తెలుసుకోదగినది ప్రమేయం. 'మాఙ్ మానే' ధాతువు, అంటే కొలవడం, దానికి ఆధారం. ఎక్సాజియుం తూకమైతే ప్రమేయం కొలతకు నిలిచేది. ముద్దునరసింహం లాటిన్ వ్యుత్పత్తి తెలిసి ఈ పేరు ఎంచాడనడానికి ఆధారం లేదు. విద్య, వైద్యం, వివాహం వంటి లోకవ్యవహారాలను ఆచారం చెప్పినట్లు ఒప్పుకోక తర్కానికి నిలబెట్టిన రచనలకు సంస్కృత న్యాయపరిభాష తోచడం స్వాభావికం. మూడు పేర్లలో పరీక్షార్థాన్ని నిలుపుకున్నది ఇదొక్కటే. వాడుకలో నిలవనిదీ ఇదే. నేటి పత్రికాభాషలో 'ఈ కేసులో అతని ప్రమేయం లేదు' అన్నప్పుడు ఆ పదానికి జోక్యమనో, సంబంధమనో అర్థం. ప్రక్రియావాచకంగా అది సాహిత్యచరిత్ర పుటల్లో మాత్రమే కనిపిస్తుంది.