కొరింగీ ఫ్రెంచి మాటేనా?

మారిషస్‌లో మనవారికి అంటుకున్న "కొరింగీ" అనే పేరుకు ఈమధ్య నోవైలో ఒక వివరణ విన్నాము. చివర ఫ్రెంచి యాస ధ్వనిస్తుంది గనుక, అది చెరకు తోటల దొరలు కూలీలకు పెట్టిన ఫ్రెంచి తిట్టు అయివుంటుందట. మేము దీనిని ఒప్పుకోలేము.

చెవికి తోచిన అర్థాన్ని నమ్మితే ఏమవుతుందో నోవై వారికి వేరే చెప్పనక్కరలేదు. బాటమీది ఆరవ సుంకపు గేటుకు వేసిన రోమన్ అంకె నుంచి ఈ ఊరి పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఊరికి ఆ పేరు 1832లోనే ఉంది. సుంకం వసూలు చేసిన పలకల బాట ఆ తరువాతది. పక్కనున్న డెట్రాయిట్ మాత్రం అచ్చమైన ఫ్రెంచి, జలసంధి అని అర్థం. ఇప్పుడది ఎవరి చెవికీ ఫ్రెంచిలా వినపడదు!

కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట, కోరంగి రేవు ఉండేది. 1789లోను, 1839లోను ఉప్పెనలు దానిని ముంచెత్తాయి. 1843లో ఆ రేవు పేరే పెట్టుకున్న "కొరింగా పాకెట్" ఓడ తెలుగు కూలీలను మారిషస్ చేర్చింది. రంగూన్ రేవులో బరువులు మోసిన తెలుగువారిని కూడా కొరంగీలనే అనేవారు; 1930 మే అల్లర్లలో దెబ్బతిన్నది వారే. ఇంగ్లీషువారు ఏలిన బర్మాకు ఈ ఫ్రెంచి తిట్టు ఎలా చేరింది? కోరంగి పక్కనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివారిదే కదా అనవచ్చు. నిజమే, కాని కోరంగికి పేరు పెట్టింది వారు కాదు.

అసలు సాక్ష్యం చివరి అక్షరంలో ఉంది. ఇంగ్లీషువారు "కొరింగా" అని రాసి మన "గి"ని పోగొట్టారు. మారిషస్ నోట అది చెక్కుచెదరలేదు. ఫ్రెంచి యాస అనుకున్నది మన ఊరి పలుకే.

తిట్టుగా వాడినవారు లేరని మేము అనము. ఆ మాట వింటే ముఖం చిట్లించుకున్న పెద్దలను చూశాము. అయితే వారి బాధ వేరు. విశాఖ మండలం నుంచి, గంజాం నుంచి వచ్చినవారికీ ఆ రేవు పేరే అంటింది. సొంత ఊరి పేరు ఇంట్లో కూడా మరుగునపడింది. ఆ ఊళ్ల పేర్లు ఇప్పటికీ మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచిన వలస దస్తావేజులలో ఉన్నాయి. ఫ్రెంచి నిఘంటువు తిరగేసే ముందు అక్కడ అడిగి చూడవలసింది.