నూటికొక్క గింజ

గుప్పెడు రేషన్ బియ్యం నల్లటి పళ్లెంలో పలచగా పరిచి చూడండి. మిగతావాటిలో ఇమిడీ ఇమడని గింజలు కొన్ని కనిపిస్తాయి. తెల్లగానే ఉంటాయి గానీ మెరుపు తక్కువ. అసలు బియ్యపు గింజకు మొలక ఊడిపోయిన కొసన చిన్న నొక్కు ఉంటుంది, వీటికి ఉండదు. ఇవి పొలంలో పండిన గింజలు కావు మరి. నూకలు పిండి పట్టించి, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, తిరిగి గింజలుగా మలిచినవి. వంద గింజలకు ఇలాంటిది ఒకటి చొప్పున కలిపితే ఫోర్టిఫైడ్ బియ్యం. సర్కారు పథకాల్లో పంచే బియ్యమంతా 2024 నాటికి ఇలాగే ఉండాలని 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి ప్రకటించారు.

ఈ గింజల్ని చేసే యంత్రం జంతికల గొట్టానికి పెద్దన్న. లోపల జంట మరలు తిరుగుతూ తడిపిన పిండిని ముందుకు నెడతాయి. వేడికి, ఒత్తిడికి పిండి సగం ఉడికి జిగురెక్కుతుంది. గింజ ఆకారపు రంధ్రాల్లోంచి బయటపడగానే గిర్రున తిరిగే కత్తి తెగ్గోస్తుంది; కత్తి వేగం పెంచితే గింజ పొట్టిదవుతుంది. వేడి చాలకపోతే ఆ గింజ ఎసట్లో పడి పిండిపిండి అయిపోతుంది. మితిమీరితే విటమిన్లు దెబ్బతింటాయి. ఆరబెట్టడంలో తొందరపడితే బీటలు వారుతుంది. పొడవూ లావూ బియ్యంతో సరితూగకపోతే బస్తా కుదుపులకు అన్నీ ఒక పక్కకు చేరతాయి.

అసలు చిక్కు ఇనుముతో. ఒంటికి బాగా పట్టే ఫెర్రస్ సల్ఫేట్ వేస్తే బియ్యం రంగు మారుతుంది, నాలుకకు ఇనప రుచి తగులుతుంది. అందుకని ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ ఎంచుకున్నారు. తెల్లటి పొడి, నీళ్లలో కరగదు, రుచి చెడదు. కడుపులోని ఆమ్లంలో కొంత కరుగుతుంది. ఒంటికి తక్కువ పడుతుందన్న లోపాన్ని పొడిని వీలైనంత మెత్తగా చేసి కొంత పూడుస్తారు. కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది నిబంధన. బి12 లెక్క వింటే మాత్రం కళ్లు తిరుగుతాయి: క్వింటాలు బియ్యానికి కావలసింది ఇంచుమించు గ్రాములో పదివేలవ వంతు! అంత పిసరును ప్రతి గింజకూ సమంగా పంచడం కంసాలి త్రాసుకు కూడా అందని పని.

ఈ ఆలోచనకు పాత చుట్టరికం మన నెల్లూరుతో ఉంది. బాప్టిస్టు మిషనరీల ఇంట 1886లో అక్కడ పుట్టిన రాబర్ట్ ఆర్. విలియమ్స్, మనీలాలో ఉద్యోగం చేస్తూ, విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బును నయం చేసే పదార్థం తవుడులో ఏముందని వెతకడం మొదలుపెట్టాడు. 1936లో ఆ పదార్థాన్ని, అంటే థయమిన్‌ను (బి1 విటమిన్), ప్రయోగశాలలోనే తయారుచేశాడు. 1940ల చివర్లో ఫిలిప్పీన్స్‌లోని బతాన్‌లో, విటమిన్ పూత పూసిన గింజల్ని మామూలు బియ్యంలో కలిపి జనానికి పెడితే బెరిబెరి చావులు బాగా తగ్గాయి. ఆయన గింజకు పోషకం పైపూత. ఇప్పటి గింజలో అది లోపలే ఉంటుంది. కడిగినా, గంజి వార్చినా చాలావరకు నిలుస్తుంది. నా దృష్టిలో ఇదే పెద్ద మెరుగు.

పప్పూ ఆకుకూరా గుడ్డూ దొరికే ఇంటికి ఈ గింజతో పెద్ద పనేమీ లేదు. మూడు పూటలా ఆ అన్నమే ఆధారమైన ఇంటికి ఉంది. అలాంటి ఇళ్లలోనే దీనికి గండం. మట్టిబెడ్డల్నీ వడ్లనూ ఏరడానికి అలవాటుపడిన వేళ్లు, చేటలో తేడాగా కనబడ్డ ప్రతి గింజనూ ఏరేస్తాయి. ఇన్ని జాగ్రత్తలతో చేసిన గింజ తిన్నగా కోళ్ల పాలవుతుంది. నీళ్లలో పోస్తే తేలిందని 'ప్లాస్టిక్ బియ్యం' అన్న పుకారు కూడా పుట్టింది. పిండిని అదిమి చేసినది కాబట్టి లోపల సన్నటి గాలి ఖాళీలుంటాయి, అందుకే తేలుతుంది. తిన్నవాళ్లకు తెలియకుండా ఉండాలని ఇంత శ్రమపడి, ఇంటామెకు ముందే ఒక మాట చెప్పడం మరిచారు. బస్తా మీద '+ఎఫ్' గుర్తుంటుంది గానీ, డీలరు సంచిలోకి తూచి పోశాక ఆ గుర్తు ఎవరికి కనబడుతుంది? వేలిముద్ర వేయించుకునేటప్పుడే డీలరు, "అమ్మా, తేలే గింజల్ని పారబోయకండి, మందు గింజలవి" అంటే సరిపోతుంది.